ఆరేళ్ళ చేతిలో ఈతాకు



ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని మన సంఘం పిల్లలు అడిగారు. బుట్టల గురించి రాస్తానన్నాను. "బుట్టల్లో చరిత్ర ఏముంటుంది మామా? ఏకలవ్యుడి గురించి రాయి" అన్నాడు ఒకడు. ఏకలవ్యుడి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా అవ్వ చేతి గురించి రాసేవాళ్ళు లేరు. అందుకే ఈ వ్యాసం.

ముందు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు బడిలో చేతిపనుల ప్రదర్శన పెట్టారు. ఇంట్లో దొరికే వస్తువులతో ఎవరికి వాళ్ళు ఏదో ఒకటి చేసి తీసుకురావాలి. అప్పటికే నాకు ఈతపుల్లలతో చిన్న బుట్ట అల్లడం వచ్చు. అడుగు వేయడం, పుల్లలు పైకి లేపడం, అంచు కట్టడం అన్నీ వచ్చు. అయినా నేను అట్టపెట్టె కత్తిరించి ఒక ఇల్లు చేసుకుని పోయాను. అది సరిగ్గా నిలబడలేదు కూడా. బుట్ట తీసుకుపోతే మేమెవరమో అందరికీ తెలిసిపోతుందని నా భయం. వాళ్ళకు ఎప్పుడో తెలుసన్న సంగతి ఆ వయసులో నాకు తట్టలేదు. ప్రదర్శన అయ్యాక బహుమతుల చీటీలు తీశారు. ఆ చీటీలు వేసి ఉంచిన బుట్ట మా అవ్వ అల్లిందే. బడివాళ్ళు సంతలో కొన్నారు. బల్ల మీద అది కనబడుతున్నంతసేపూ నేను తల వంచుకుని కూర్చున్నాను.

ఆ సిగ్గు నాకు ఎక్కడినుంచి వచ్చింది? మా అవ్వకు లేదు. మా అమ్మకూ అంతగా లేదు. ఎవరో మనలో పెట్టిన సిగ్గు అది. దాన్ని ఎలా పెట్టారో తెలుసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. తెలిసిన తర్వాత, మన పిల్లలకు మళ్ళీ బుట్ట నేర్పాలనిపించింది.

మన పేర్లలోనే మన పని

మన ఎరుకల వాళ్ళలో ఉన్న శాఖల పేర్లు ఒకసారి గుర్తు చేసుకోండి. వెదురు చీల్చి దబ్బలతో అల్లేవాళ్ళు దబ్బ ఎరుకలు. ఈతపుల్లలతో అల్లేవాళ్ళు ఈతపుల్లల ఎరుకలు. సాలెవాళ్ళు పడుగుకు గంజి పట్టించడానికి వాడే కుంచెలు కట్టినవాళ్ళు కుంచపురి ఎరుకలు. ఉప్పు మోసుకుపోయి అమ్మినవాళ్ళు ఉప్పు ఎరుకలు. ఊరూరా కరివేపాకు అమ్మినవాళ్ళు కరివేపాకు ఎరుకలు. సోది చెప్పి నాలుగు గింజలు తెచ్చుకున్నవాళ్ళు పరికముగ్గుల ఎరుకలు. ప్రతి పేరులోనూ ఒక పని ఉంది. చేయి ఉంది, కాలినడక ఉంది. ఈ పేర్లలో ఒక్కదాంట్లోనైనా దొంగతనం ఉందేమో వెతకండి. దొరకదు.

వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతం నెల్లూరు జిల్లాలో మెట్ట సీమ. తూర్పున డెల్టా పొలాలకు ఉన్నట్టు ఇక్కడ కాలువ నీళ్ళు లేవు. వానకు పండే జొన్న, సజ్జ, ఆముదం, కంది. పడమట వెలిగొండలు. ఆ కొండల్లో వెదురు, వాగుల వెంట ఈత చెట్లు, గట్ల మీద తాళ్ళు, నేలబారుగా పెరిగే చిట్టీత. వరి పండని చోట కూడా ఈ ఆకులు, పుల్లలు దొరికేవి. రైతుకు గంప కావాలి, తట్ట కావాలి, చేట కావాలి, కోళ్ళ గంప కావాలి, గింజలు పోసుకునే గుమ్మి కావాలి. ఇవన్నీ మన ఇళ్ళనుంచే పోయేవి. కళ్ళంలో ఒక గింజ నేలపాలు కాకుండా ఇల్లు చేరిందంటే అందులో మనవాళ్ళ చేతిపని ఉన్నట్టే.

మనతోపాటు ఈ నేలమీద బతికిన యానాదులకు, సుగాలీలకు కూడా వాళ్ళ చేతిపనులు ఉన్నాయి. పాత కుండ అడుగున చిల్లిపెట్టి, అందులో గడ్డి వేసి రాజేసి, కన్నంలోకి పొగ ఊది పొలంలో ఎలుకల్ని బయటికి రప్పించే తెలివి యానాదులది. చిరుగు గుడ్డలకు అద్దాలు, గవ్వలు కుట్టి పండగ బట్ట చేయడం సుగాలీ తండాల ఆడబిడ్డల విద్య. పగిలిన కుండా, చిరిగిన గుడ్డా, రాలిన ఆకూ ఎవరికీ పనికిరావు. వాటినుంచి పనికొచ్చేది చేయడం మన మూడు జాతులకూ తెలుసు. ఈ రోజుల్లో దీనికి ఏవేవో పెద్ద పేర్లు పెడుతున్నారు. మన ఇళ్ళలో దానికి పేరు కూడా లేదు, రోజూ జరిగే పని అంతే.

పిల్లలు నేర్చుకున్న తీరు

మన ఇళ్ళలో పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. అమ్మ అల్లుతుంటే పక్కన తుక్కు పడుతుంది. పొట్టి ముక్కలు, విరిగిన పుల్లలు, వంకర ఆకులు. ఆ తుక్కు పిల్లలది. దానితో ఏమైనా చేసుకోవచ్చు, ఎవరూ తిట్టరు. మొదటి బడి ఆ తుక్కే.

మొదట వచ్చేది ఆట. తాటాకు ముక్కలు రెండు అడ్డంగా పెట్టి, తుమ్మముల్లు గుచ్చి, గాలికి ఎదురుగా పరిగెత్తడం. ఎండాకాలం ముంజలు తిన్నాక రెండు ఖాళీ తాటికాయలకు మధ్య పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ పోయే బండి. జొన్న కోతల తర్వాత దంటు పెచ్చు తీసి, లోపలి బెండుతో ఎద్దులబండి, కళ్ళజోడు, మంచం. ఇవి మన పిల్లలవే కాదు, మెట్ట ఊళ్ళలో అన్ని కులాల పిల్లలూ చేసుకున్నవే. తేడా తర్వాత మొదలవుతుంది. మిగతా పిల్లలు బొమ్మతో ఆగేవాళ్ళు. మన పిల్లలు బొమ్మనుంచి బుట్టకు పోయేవాళ్ళు.

ఆకు ఎండబెట్టాలి, కానీ అల్లేముందు నీళ్ళు చల్లి తడి చేయాలి. ఎండు ఆకు విరుగుతుంది, తడి ఆకు వంగుతుంది. ఈ సంగతి పిల్లకు నోటితో చెప్పక్కర్లేదు. రెండు ఆకులు విరిగితే మూడోది తనే తడుపుకుంటుంది. ఈత ముల్లు ఎటు గుచ్చుకుంటుందో వేలే నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఒకటి పైన, ఒకటి కింద. చాప అల్లిక అంటే అంతే.

గుండ్రటి బుట్టలో ఇంకో రహస్యం ఉంది. నిలువు పుల్లలు బేసి సంఖ్యలో ఉండాలి. సరి సంఖ్య అయితే, అల్లే పుల్ల ఒక చుట్టు తిరిగి వచ్చాక మొదటి చుట్టులో ఎక్కడ పైన పోయిందో మళ్ళీ అక్కడే పైన పోతుంది. అల్లిక బిగియదు, జారిపోతుంది. బేసి అయితే ప్రతి చుట్టుకూ తనంతట తానే మారుతుంది. పుల్లలు సరి సంఖ్యలో పడితే ఒకదాన్ని నిలువునా రెండుగా చీల్చుకోవాలి, బేసి అయిపోతుంది. మా అవ్వ బడి గడప తొక్కలేదు. సరి, బేసి అన్న మాటలు పుస్తకంలో చదవలేదు. కానీ లెక్క ఆమె వేళ్ళలో ఉండేది. నేను అంకెలు బడిలోనే నేర్చుకున్నాను, కానీ సరి బేసిల అర్థం మా అవ్వ బుట్ట అడుగులో తెలిసింది.

ఉప్పు దారి మూసుకుపోయింది

ఇలాంటి వాళ్ళ మీద దొంగల ముద్ర ఎట్లా పడింది? ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి.

ఒకప్పుడు మనవాళ్ళకు బుట్టతోపాటు ఇంకో జీవనం ఉండేది. కోస్తాలోని ఉప్పుమళ్ళ నుంచి ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని లోపలి ఊళ్ళకు పోయేవాళ్ళు. ఉప్పు ఇచ్చి ధాన్యం తెచ్చుకునేవాళ్ళు. దారి పొడుగునా బుట్టలు అల్లి అమ్మేవాళ్ళు. తిరగడమే వాళ్ళ వ్యాపారం. మద్రాసు రాజధానిలో కుంఫిణీ ప్రభుత్వం 1805లో ఉప్పును తన గుత్తాధిపత్యంలోకి తెచ్చుకుంది. తర్వాత రైళ్ళు వచ్చాయి. ఎద్దు పది రోజుల్లో మోసేది రైలు ఒక్క రోజులో దించేసింది. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పట్టిన ధాత కరువులో మనుషులూ పోయారు, పశువులూ పోయాయి. ఎద్దు చచ్చిపోతే ఉప్పు వ్యాపారి ఏం మోస్తాడు? కరువు పోయి ఊపిరి పీల్చుకునేలోగా 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. నిన్నటిదాకా ఎవరినీ అడగకుండా కోసుకున్న వెదురు, పశువులు మేసిన కొండ ప్రభుత్వ రిజర్వు అయిపోయాయి. ఉప్పు పోయింది, ఎద్దు పోయింది, అడవి పోయింది. తిరగడం మాత్రం మిగిలింది.

అప్పుడు ఆ తిరగడమే నేరమయింది. ఊరూ పేరూ లేకుండా తిరిగేవాళ్ళంటే తెల్లదొరలకు అనుమానం. నేరస్థ జాతుల చట్టాన్ని 1871లోనే ఉత్తరాదిన తెచ్చారు. 1911లో దాన్ని మార్చి కొత్త చట్టం చేసి, మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ఒక మనిషి ఏదో నేరం చేశాడని కాదు, ఫలానా జాతిలో పుట్టాడని పేరు రాసుకోవచ్చు. వేలిముద్రలు తీసుకోవచ్చు. పోలీసులకు హాజరు చెప్పుకోమనవచ్చు. చెప్పకుండా ఊరు దాటితే జైలు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం ఏడు సంపుటాలు. మూడో సంపుటంలో కొరవ అనే శీర్షిక కింద మన గురించి చాలా పేజీలు ఉన్నాయి. బుట్టల ప్రస్తావన ఉంది. కానీ దొంగతనాల కథలకు దొరికిన చోటు ముందు బుట్టలకు దొరికింది తక్కువే. నూరేళ్ళుగా మన గురించి రాసేవాళ్ళు ఆ పేజీలే తిరగేస్తూ వచ్చారు.

ఆరు నుంచి పద్దెనిమిది

ఆ చట్టంలో ఒక సెక్షన్ ఉంది, పదిహేడవది. మన యువతీ యువకులందరూ దాన్ని తెలుసుకోవాలి. నేరస్థ జాతుల పిల్లల్ని తల్లిదండ్రులనుంచి వేరుచేసి, పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో పెట్టే అధికారం ఆ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. పిల్లలంటే ఎవరు? ఆరేళ్ళు దాటి, పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు అని రాశారు.

ఆరేళ్ళు! అమ్మ పక్కన తుక్కుతో ఆడుకుంటున్న పిల్ల మొదటిసారి ఒకటి పైన, ఒకటి కింద అని చేతికి తెచ్చుకునే వయసు అది. పద్దెనిమిదేళ్ళకు ఆ పిల్ల సంతకు సొంతంగా బుట్టలు వేసుకుపోగలదు. మన ఇళ్ళలో చదువు జరిగే కాలమంతా లెక్కవేసి గీత గీసినట్టుగా ఉంది ఆ సెక్షన్. రాసినవాళ్ళకు బుట్టల సంగతి తెలిసి ఉండకపోవచ్చు. తల్లి దగ్గర ఉంటే పిల్లలు నేరాలు నేర్చుకుంటారన్నది వాళ్ళ ఊహ. తల్లి దగ్గర పిల్లలు నేర్చుకునేది ఏమిటో వాళ్ళు ఒక్కసారి గుడిసె ముందు కూర్చుని చూస్తే సరిపోయేది.

సెటిల్‌మెంట్లు పెట్టారు. గుంటూరు వైపు స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతిలో ఉండేది. మనకు దగ్గరలోనే, కావలిలో, అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఆధ్వర్యంలో ఎరుకల సెటిల్‌మెంటు నడిచింది. ఇవాళ వింజమూరులో బస్సెక్కి ఏ పనికైనా దిగే ఊరు కావలి. ఆ ఊళ్ళో తారురోడ్డు మీద నడుస్తున్నప్పుడు, ఒకప్పుడు ఇక్కడ మన తాతముత్తాతలు ఊరు దాటడానికి చీటీ తీసుకోవలసి వచ్చిందని గుర్తు చేసుకోండి. సెటిల్‌మెంట్లలో బడులు పెట్టారు. కొందరు చదువుకుని ఉద్యోగాలు చేసిన మాట నిజమే. దాన్ని కాదనక్కర్లేదు. కానీ చదువుకోవడానికి తల్లి ఒడి వదలాలన్న షరతు ఏ కులం పిల్లలకు పెట్టారు? మనకే పెట్టారు. అక్కడ పుట్టింది నా సిగ్గు. బడి వేరు, ఇల్లు వేరు. బడిలో ఉన్నది విద్య, ఇంట్లో ఉన్నది తప్పు. ఏడో తరగతిలో నేను బుట్ట వదిలేసి అట్టపెట్టె పట్టుకుపోయింది ఇందుకే. చట్టం పోయి అప్పటికి ఎన్నో ఏళ్ళయినా దాని నీడ నా మీద ఉంది.

ఆ చట్టాన్ని ఎత్తేయాలని పోరాడినవాళ్ళలో మన నెల్లూరు జిల్లాకే చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు ఒకరు. యానాదుల కోసం, సంచార జాతుల కోసం జీవితమంతా పనిచేశారు. యానాదుల మీద పుస్తకం రాశారు. మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అందుకే ఆగస్టు 31ని విముక్త జాతుల దినంగా జరుపుకుంటున్నాం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్ళ పదహారు రోజులకు కాగితం మీద మనందరికీ స్వాతంత్ర్యం వచ్చింది.

ప్లాస్టిక్ వచ్చాక

చట్టం పోయాక బుట్ట కొంతకాలం మళ్ళీ ఊపిరి పోసుకుంది. తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. ప్లాస్టిక్ గంప తేలిక, చవక, కడిగితే చాలు. రైతులనేం అనగలం? మన ఇళ్ళలోనూ అదే వాడుకున్నాం. వడ్లు గుమ్మిలో కాకుండా గోతాల్లో నేరుగా మిల్లుకు పోసాగాయి. గుమ్మి పోయింది, చేట పెళ్ళి సామానులో మిగిలింది, గంప పూలకొట్ల దగ్గర మిగిలింది. ఈత చెట్లూ తగ్గాయి. రోజంతా అల్లితే వచ్చే డబ్బు ఒక పూట కూలికి సరిపోలేదు. మా అమ్మ తరంలో చాలామంది కూలికి పోయారు. వాళ్ళు చేసింది తప్పు కాదు. పిల్లల కడుపు నిండాలి.

అందుకని మీ అందరినీ మళ్ళీ బుట్టలల్లి బతకమని నేను చెప్పడం లేదు. డాక్టర్లు కండి, టీచర్లు కండి, పోలీసు ఉద్యోగంలో కూడా చేరండి. నేను చెప్పేది వేరు. మన ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే కుటుంబాలున్నాయి. కొండ మీద దొరికే చెక్కతో చెంచాలు, గరిటెలు, దువ్వెనలు చెక్కుతారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉదయగిరి పేరు ఆ గరిటెతో పాటు దేశమంతా తిరుగుతోంది. ఆ నైపుణ్యాన్ని ఇంట్లో పిల్లలు చూస్తూ పెరిగారు కాబట్టే అది నిలిచింది. మన బుట్టకు అలాంటి గుర్తింపు రాలేదు. వస్తుందో రాదో గానీ, అసలు ఆ అల్లిక తెలిసిన చేతులే లేకపోతే గుర్తింపు ఇచ్చేది దేనికి?

ఈ ఆదివారం ఇంట్లో

ఇంతదాకా చదివారు కాబట్టి ఇప్పుడు పని. ఇంట్లో తమ్ముడో, చెల్లెలో, అక్క పిల్లలో ఉంటారు. ఆరేళ్ళ పిల్ల ఉంటే మరీ మంచిది. ఈతాకు దొరక్కపోయినా ఫరవాలేదు. ఇంట్లో ఉన్నదాంతోనే చేద్దాం. మనవాళ్ళ పద్ధతి ఎప్పుడూ అదే కదా.

మొదటిది గాలి తిరుగుడు. తాటాకు ఉంటే జానెడు పొడుగు, రెండు వేళ్ళ వెడల్పున రెండు ముక్కలు. లేకపోతే పాత పెళ్ళి శుభలేఖ అట్ట. రెండూ కూడిక గుర్తులా అడ్డంగా పెట్టి, నడిమధ్యలో ముల్లు గానీ గుండుసూది గానీ గుచ్చి, వెనక జొన్న బెండుకో మెత్తటి పుల్లకో దించాలి. ముల్లు చుట్టూ రెక్కలు వదులుగా తిరగాలి, బిగుసుకోకూడదు. మధ్యనుంచి చివరివైపు చూస్తూ ప్రతి రెక్కకూ కుడి అంచును కొద్దిగా పైకి వంచాలి. నాలుగూ ఒకే వైపు వంగాలి. ఒకటి అటూ ఒకటి ఇటూ వంచితే గాలి ఒకదాన్ని తోస్తే ఇంకోటి ఆపుతుంది. ఎందుకు తిరగలేదో పిల్లల్నే కనుక్కోనివ్వండి. ముల్లు గుచ్చే పని మాత్రం పెద్దవాళ్ళు చేయాలి.

రెండోది పేపరు చాప. పాత దినపత్రిక కాగితాలను మడతల మీద మడత వేసి రెండు వేళ్ళ వెడల్పు పట్టీలు చేయండి. నిలువుకు ఎనిమిది, అడ్డానికి ఎనిమిది. నిలువు పట్టీలు పక్కపక్కన పరిచి, పై చివర ఒక బరువు పెట్టండి. అడ్డం పట్టీని ఒకటి పైన, ఒకటి కింద దూర్చండి. రెండో పట్టీ దానికి తిరగబెట్టి. ప్రతి పట్టీనీ వేళ్ళతో ముందు వరసకు ఆనించి దగ్గరికి జరపాలి, లేకపోతే సందులు పడతాయి. చివర్లు లోపలికి మడిచి అల్లికలోకి దోపితే జిగురు అక్కర్లేదు. వేడి గిన్నె కింద పెట్టుకోవడానికి బాగుంటుంది. పిల్ల చేసినదాని మీద ఇంట్లో కూర గిన్నె పెట్టండి. తను చేసింది ఇంట్లో వాడుతున్నారన్న సంతోషం ఏ బహుమతీ ఇవ్వదు.

మూడోది టీ గ్లాసు బుట్ట. ఇదే అసలైనది. వాడి పారేసే కాగితం టీ గ్లాసు కడిగి ఆరబెట్టండి. అంచునుంచి అడుగు దాకా నిలువుగా కత్తిరించండి. అడుగు దగ్గర వేలెడు వెడల్పు వదిలేయండి. మొత్తం ఏడు కత్తిరింపులు, అంటే ఏడు నిలువు పట్టీలు వస్తాయి. పాత చీర అంచునుంచి సన్నగా చింపిన గుడ్డపీలికను లోపల ముడివేసి, ఒక పట్టీకి బయటినుంచి, తర్వాతి పట్టీకి లోపలినుంచి చుట్టూ తిప్పుతూ రండి. మరీ లాగితే గ్లాసు మూతి ముడుచుకుపోతుంది, వదిలేస్తే అల్లిక జారుతుంది. పైకి వచ్చాక పీలిక చివర లోపలికి దోపి, పట్టీల కొసల్ని లోపలికి మడవండి. గుండీలు, రబ్బరుబ్యాండ్లు, పలకబలపాలు వేసుకోవచ్చు.

ఇక్కడ ఒక చిన్న ఆట. ఒక పిల్లకు ఏడు పట్టీల గ్లాసు ఇవ్వండి, ఇంకో పిల్లకు ఎనిమిది పట్టీలది ఇవ్వండి. ముందు ఏమీ చెప్పొద్దు. ఎనిమిది పట్టీల పిల్ల రెండో చుట్టులో ఆగిపోయి, "ఇది సరిగ్గా రావట్లేదు" అంటుంది. అప్పుడు ఒక పట్టీని నిలువునా రెండుగా కత్తిరించమనండి. తొమ్మిది అవుతాయి, అల్లిక నడుస్తుంది. మా అవ్వ చదువు ఆ క్షణంలో ఆ పిల్ల చేతికి చేరుతుంది. ఎవరు కనిపెట్టారు ఇది అని అడిగితే, మన పేరు చెప్పండి. ప్రపంచంలో బుట్టలల్లిన ప్రతి జాతీ కనిపెట్టింది, వాళ్ళలో మనమూ ఉన్నామని చెప్పండి. అబద్ధం అక్కర్లేదు, ఈ నిజం చాలు.

బడిలోకి అవ్వ

2020లో వచ్చిన జాతీయ విద్యా విధానంలో ఒక మాట ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పిల్లలు ఏదో ఒక సమయంలో పది రోజులు పుస్తకాల బ్యాగు లేకుండా, స్థానికంగా ఉన్న వడ్రంగుల దగ్గర, కుమ్మరుల దగ్గర, తోటమాలుల దగ్గర, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలని. ఆ వరసలో బుట్టలల్లే అవ్వ పేరు ఎవరూ చేర్చకపోతే మనమే చేర్చాలి. మన సంఘం తరఫున వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు బడుల హెడ్మాస్టర్లను కలిసి, ఆ పది రోజుల్లో ఒక్క రోజు మన పెద్దవాళ్ళను పిలవమని అడుగుదాం. ఒకప్పుడు బడికోసం పిల్లల్ని అమ్మ దగ్గరనుంచి తీసుకుపోవచ్చని చట్టం రాశారు. ఇప్పుడు అమ్మనే బడిలోకి పిలిపిద్దాం, గౌరవంగా, కుర్చీ వేసి.

ఇంకో పని మీ చేతిలో ఉంది, అక్షరాలా. అందరి దగ్గరా ఫోన్ ఉంది. మీ కాలనీలో అల్లిక తెలిసిన పెద్దవాళ్ళు ఎంతమంది మిగిలారో చూడండి. వాళ్ళను అడిగి, ఒప్పుకుంటేనే, ముఖం కంటే ముందు చేతులు వీడియో తీయండి. ఆకు కోయడం, ఎండబెట్టడం, తడపడం, చీల్చడం, అడుగు వేయడం, అంచు కట్టడం, ఒక్కొక్కటీ విడిగా. ప్రతి పనికీ మన భాషలో ఏమంటారో అడిగి రాసుకోండి. పనితో పాటు మాటలూ పోతున్నాయి. కుర్రు భాషలో ఆ మాట చెప్పగలిగే ఆఖరి మనిషి మీ ఇంటి అరుగు మీదే కూర్చుని ఉండవచ్చు.

మా అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. నేను ప్రదర్శనకు బుట్ట తీసుకుపోలేదని ఆమెకు తెలుసు. ఆ సాయంత్రం ఏమీ అనలేదు. నా అట్టపెట్టె ఇల్లు వంగిపోతుంటే లోపల రెండు ఈతపుల్లలు అడ్డం పెట్టి నిలబెట్టింది. అది చాలా రోజులు గూట్లో నిలబడే ఉంది.

మన పిల్లలు ఏ పెద్ద ఇల్లు కట్టుకున్నా కట్టుకోనీ. లోపల ఆ రెండు పుల్లలు ఉండేటట్టు చూసుకుందాం. ఈ సంచిక చదవడం అయ్యాక, ఇంట్లో ఖాళీ టీ గ్లాసు ఉందేమో వెతకండి. పక్కన ఒక పిల్లను కూర్చోబెట్టుకోండి.